పన్నెండు గెలిచినా ఏడో చోటే

2024 అక్టోబర్ 18, శుక్రవారం రాత్రి. మార్కాపురం బస్టాండుకు కూతవేటు దూరంలో ఓ టీ కొట్టు. ప్లాస్టిక్ కుర్చీలు రోడ్డు మీదికి వచ్చేశాయి. మీకు దొరికిన కుర్చీకి ఒక చెయ్యి విరిగిపోయి ఉంది. పక్కనాయన కనుబొమల మీద, చొక్కా భుజాల మీద బూడిదరంగు పొడి. పలకల ఫ్యాక్టరీలో పని దిగి నేరుగా ఇటే వచ్చాడు. గ్లాసు పట్టుకున్న వేళ్ళ సందుల్లోనూ అదే రంగు. గోడమీది టీవీలో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం వెలిగిపోతోంది. తెలుగు టైటన్స్, బెంగళూరు బుల్స్. ప్రో కబడ్డీ పదకొండో సీజన్‌లో మొట్టమొదటి మ్యాచ్.

"ఈసారి కోచ్ మారాడంట బావా."

"కోచ్‌దేముందిలే, మారతానే ఉంటారు."

ఆ విసుగు ఊరికే రాలేదు. ఎనిమిదో సీజన్‌లో టైటన్స్ 22 మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచింది. తొమ్మిదిలో రెండు. పదిలో రెండు. మొత్తం 66 మ్యాచ్‌లకు 5 గెలుపులు, మూడుసార్లూ పట్టికలో అట్టడుగే. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లు పోసి కొన్నా అడుగు నుంచి ఒక్క మెట్టు పైకి రాలేదు. అప్పటికి చివరిసారి ప్లేఆఫ్ చూసింది 2016లో. అప్పుడు టైటన్స్ రైడర్ రాహుల్ చౌదరి పేరు చెప్పి కొట్లాడుకున్న పిల్లలు ఇప్పుడు మీ చుట్టూ కూర్చున్న మగవాళ్ళు. కొందరి ఒళ్ళో వాళ్ళ పిల్లలు కూడా ఉన్నారు.

కెమెరా కాసేపు టైటన్స్ బెంచీ వైపు తిరుగుతుంది. కొత్త కోచ్ క్రిషన్ కుమార్ హుడా. హర్యానా మనిషి. 2022 ఫిబ్రవరిలో పట్నాను 37-36తో ఓడించి కప్పు ఎత్తిన దబంగ్ ఢిల్లీకి కోచ్ ఆయనే. ఆ జట్టులో వెనక నిలబడ్డవాళ్ళు జోగీందర్ నర్వాల్, మంజీత్ చిల్లర్, జీవా కుమార్ లాంటి కాకలు తీరిన డిఫెండర్లు. ఇక్కడ ఆయన చేతికొచ్చింది ఎక్కువగా కుర్రకారు. కోచ్ హర్యానావాడు, కెప్టెన్ పవన్ ఢిల్లీవాడు, మిగతావాళ్ళలోనూ చాలామంది హర్యానా వైపువాళ్ళే. తెలుగు అన్నది జట్టు పేరులోనే ఎక్కువ. ఈ సంగతి టీ కొట్టు దగ్గర అందరికీ తెలుసు. దానివల్ల కుర్చీ ఒక్కటీ ఖాళీ కాలేదు.

పవన్ కూతకు వెళ్తున్నాడు. అవతల తన పాత జట్టు. బుల్స్‌కు ఆరో సీజన్ కప్పు తెచ్చిపెట్టిన కాళ్ళు ఇవే. ముప్పై సెకన్లు. ఎడమ మూలవాడు చీలమండ కోసం కిందికి వంగాడు. వంగిన భుజం మీదుగా పవన్ గాల్లో లేచాడు. గీత అవతల పడేసరికి మీ పక్కనాయన కుర్చీలోంచి లేచి, టీ ఒలికించుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ కూర్చున్నాడు. అవతల ప్రదీప్ నర్వాల్ ఉన్నాడు, ఈ లీగ్‌లో అందరికంటే ఎక్కువ రైడ్ పాయింట్లు పోగేసినవాడు. అతను కూతకు వచ్చిన ప్రతిసారీ కొట్టు కాస్త సద్దుమణుగుతుంది. టైటన్స్ డిఫెండర్ క్రిషన్ ధుల్ పట్టు బిగించగానే మళ్ళీ కేకలు. ఆట ముగిసేసరికి 37-29. పవన్‌వి 13 పాయింట్లు.

కిందటి సీజన్ మొత్తంలో గెలిచినవి రెండు. ఈ ఏడు మొదటి రాత్రే ఒకటి. కొట్టాయన ఎవరూ అడక్కుండానే ఇంకో విడత టీ పోశాడు. డబ్బులు మాత్రం తీసుకున్నాడు.

మర్నాడే తమిళ్ తలైవాస్ చేతిలో 44-29. దాన్నైనా దిగమింగొచ్చు. మంగళవారం, 22న, జైపూర్ పింక్ పాంథర్స్‌తో ఆడింది మాత్రం ఆట అనలేం. మీరు ఆలస్యంగా వచ్చారు. కుర్చీలు సగం ఖాళీ. ఒకడు రైడ్‌కు వెళ్ళి చిక్కాడు, ఇవతల ఆరుగురు. ఇంకొకడు చిక్కాడు, ఐదుగురు. ముగ్గురో ఇద్దరో మిగిలినప్పుడు ఎవరైనా తెగించి పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లొస్తాయి. పట్టేవాడు లేడు. ఆలౌట్. ఏడుగురూ తలలు వంచుకుని మళ్ళీ మ్యాట్ మీదికి వస్తారు, అవతలివాళ్ళ ఖాతాలో రెండు పాయింట్లు అదనంగా పడతాయి, కథ మళ్ళీ మొదలు. 52-22. ముప్పై పాయింట్ల తేడా. పలకల ఫ్యాక్టరీ ఆయన స్కోరు వంక కూడా చూడకుండా, "పాత టైటన్సే" అని చెప్పులేసుకున్నాడు.

మీరూ అదే అనుకుని లేచారు. ఆ ముప్పై తేడాను ఎవరూ దాచిపెట్టుకోలేదు. దాని ఖరీదు డిసెంబర్‌లో గానీ తెలియదు.

ఎందుకంటే ఈ జట్టు తర్వాత గెలవడం మొదలుపెట్టింది. అదీ ఒకప్పటి రాహుల్ చౌదరి రోజుల మాదిరిగా ఊగిపోతూ కాదు. పట్నా మీద 28-26. అంత తక్కువ స్కోరు మ్యాచ్ చూడటానికి ఓపిక కావాలి. రెండు వైపులా ఖాళీ రైడ్లు, మూడోది డూ ఆర్ డై, ఒక పాయింటు అటు, ఒకటి ఇటు. తొందరపడి మీద పడొద్దు, వచ్చినవాణ్ణి లోపలికి రానిచ్చి మూల కట్టాలి అని ఎవరో గట్టిగా నూరిపోసినట్టే తెలుస్తుంది డిఫెన్స్‌ను చూస్తే. హుడా చేసిన పని ఏదైనా ఉంటే అదేనని నా లెక్క. మెరుపులు ఆయన నేర్పలేదు, అవి పవన్ వెంట తెచ్చుకున్నవి.

నవంబర్. లీగ్ నోయిడాకు వెళ్ళింది. మీరు కంభం దగ్గర ఓ పల్లెలో, బడి వెనక మట్టి గ్రౌండులో ఉన్నారు. పొద్దు నల్లమల వెనక్కి దిగిపోయింది. చెరువు మీంచి వచ్చే గాలి చల్లగా ఉంది. సున్నంతో గీసిన గీతలు సగం చెరిగిపోయాయి. ఎనిమిదిమంది కుర్రాళ్ళు నిక్కర్లతో, మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో. సంక్రాంతి పోటీలకు ఇంకా రెండు నెలలు. గ్రౌండు అంచున మంచినీళ్ళ సీసాకు ఆనించిన ఫోన్‌లో టైటన్స్ ఆడుతోంది. కూతకు వెళ్ళొచ్చినవాడు వెళ్ళొచ్చినట్టే వంగి స్కోరు చూసుకుంటున్నాడు. పంచె ఎగ్గట్టిన ఓ పెద్దాయన పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఒకప్పుడు తిరునాళ్ళ పోటీల్లో ఆడిన మనిషి. కుడి చేతి చిటికెనవేలు పక్కకు వంగి ఉంది.

"పవనన్న ఏడీ?"

"మోకాలు దెబ్బతిందిరా. ఆడట్లా."

కుర్రాళ్ళ ముఖాలు చూడాలి అప్పుడు. నిరుడైతే ఆ కబురుతో సీజన్ ఐపోయినట్టే. పవన్ పడితే జట్టు పడేది. ఇప్పుడు జట్టును విజయ్ మలిక్ నడిపిస్తున్నాడు. ఎత్తుగా ఎగిరే బాపతు కాదు. గీత దగ్గర తచ్చాడతాడు, బోనస్‌కు కాలు చాస్తాడు, అవతలివాడు విసిగిపోయి ముందుకొస్తే వేలితో తాకి వెనక్కొస్తాడు. అతనితో పాటు ఆశిష్ నర్వాల్. ఇద్దరూ కలిసి పవన్ అవ్వరు గానీ, స్కోరు నడుస్తుంది.

"చూశావా," పెద్దాయన ఫోన్ వైపు వంకర వేలు చూపించాడు. "ఓడేటప్పుడు గూడా లెక్క చూసుకుంటున్నారు. ఇంకో రెండు నిమిషాలుంది, ఆరు పాయింట్లు వెనకున్నారు. ఇప్పుడు తొందరపడితే పది వెనకబడతారు."

"ఓడాక ఎంతైతే ఏంది తాతా?"

"ఏడు లోపైతే ఒక పాయింటిస్తారు."

అదీ అప్పట్లో ఈ లీగ్ నియమం. గెలిస్తే 5, సమమైతే 3, ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే 1. ఇది కప్పు కొట్టే జట్టుకు అక్కర్లేదు, అడుగున ఉన్నవాళ్ళను ఆదుకోదు. మధ్యలో నలిగేవాళ్ళకే ప్రాణం. మూడేళ్ళు అడుగున పడి ఉన్న టైటన్స్‌కు ఈ లెక్కతో ఎప్పుడూ పని పడలేదు. కుర్రాళ్ళు ఆట ఆపేసి ఫోన్ చుట్టూ చేరారు. ఓటమిని ఇంత శ్రద్ధగా చూడటం వాళ్ళకు కొత్త.

డిసెంబర్‌లో లీగ్ పుణేకు మారింది. టైటన్స్ ఆటలన్నీ ముగిశాయి. 22 ఆడి 12 గెలిచి 10 ఓడింది. 66 పాయింట్లు. ఆ సీజన్‌లో పై ఆరు జట్లకే ప్లేఆఫ్. ఇక చేయాల్సింది వేరేవాళ్ళే.

24వ తేదీ, మంగళవారం రాత్రి మీరు గిద్దలూరులో ఉన్నారు. క్రిస్మస్ ముందు రోజు. ఇళ్ళ మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతున్నాయి, చర్చి మైకులోంచి పాటల సాధన వినిపిస్తోంది. మీరు కూర్చున్నది ఓ మొబైల్ రిపేరు షాపులో, కౌంటరు మీద టీవీ. అందులో టైటన్స్ లేదు. బెంగాల్ వారియర్స్, యు ముంబా ఆడుతున్నాయి. ఈ షాపులో ఈ రాత్రి దాకా బెంగాల్‌ను అభిమానించినవాడెవడూ లేడు. ఇప్పుడు అందరూ బెంగాలే.

షాపు కుర్రాడు స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని బిల్లు పుస్తకం వెనక లెక్క వేశాడు. ముంబాకూ 66 ఉన్నాయి. గెలిస్తే 71. ఏడు లోపు తేడాతో ఓడినా 67, మనకంటే ఒకటి ఎక్కువ. కాబట్టి బెంగాల్ గెలిస్తే చాలదు, ఎనిమిదికి తగ్గకుండా గెలవాలి.

"ఎనిమిదా!" ఎవరో నవ్వారు. "బెంగాలా!"

నవ్వినవాడే చివరిదాకా కూర్చున్నాడు. ముంబావాళ్ళు పట్టుకున్న ప్రతి పట్టుకూ ఈ షాపులో ఒక తిట్టు. మీకు వాళ్ళ పేర్లు సరిగ్గా తెలియవు, అయినా తిడుతున్నారు. చర్చిలో సాధన ముగిసి పిల్లలు అరుచుకుంటూ వీధిలోకి వచ్చేసరికి ఇక్కడా తేలిపోయింది. ముంబా గెలిచింది. 71. టైటన్స్ ఏడో చోట.

ఎవరూ లేవలేదు. షాపు కుర్రాడు పట్టిక చూస్తూ ఆగిపోయాడు. "అన్నా, ముంబా ఎన్ని గెలిచింది? పన్నెండు. జైపూర్? పన్నెండు. మనం?"

"పన్నెండే."

"మరి వాళ్ళెట్టా పోయారు?"

వాళ్ళు చెరో రెండు మ్యాచ్‌లు సమం చేసుకున్నారు. టైటన్స్ ఒక్కటీ సమం చేయలేదు. గెలవడమో ఓడడమో. ఆ పది ఓటముల్లో ఆరింటికి ఒక్కో పాయింటు దక్కింది, నాలుగింటికి దక్కలేదు. ఆ నాలుగూ ఏడు లోపు తేడాతో ఓడి ఉంటే 70. జైపూర్‌కు ఉన్నది సరిగ్గా 70. అక్టోబర్‌లో ఆ మంగళవారం రాత్రి మార్కాపురంలో మీరు విసుగ్గా లేచి వెళ్ళిపోయిన 52-22 ఆ నాలుగింటిలో ఒకటి. తలైవాస్‌తో 44-29 ఇంకొకటి.

షాపు కుర్రాడు బిల్లు పుస్తకం మూశాడు. అడుగున ఉన్న మూడేళ్ళూ ఈ షాపులో పట్టిక ఎవరూ తెరవలేదట. ఇప్పుడు ఒక్కో అంకె మీద వేలు పెట్టి వాదిస్తున్నారు. ఒకాయన కోచ్‌ను తీసెయ్యాలంటాడు. ఇంకొకాయన, రెండు గెలిచే జట్టును పన్నెండుకు తెచ్చాడు, తీసేస్తే మళ్ళీ మొదటికొస్తాం అంటాడు. పవన్ మోకాలు బాగుంటే అని మూడో ఆయన. నన్నడిగితే రెండో ఆయన మాట సబబు. కానీ గిద్దలూరులో ఆ రాత్రి ఆయన గొంతే అందరికంటే చిన్నది.

కోచ్‌ను తీయలేదు. 2025 ఆగస్టు 29, శుక్రవారం. వినాయక చవితికి ఊరొచ్చినవాళ్ళు హైదరాబాద్ పనులకు తిరుగు ప్రయాణం కట్టారు. మీరు బస్సులో కిటికీ పక్కన ఉన్నారు. ఎర్రగొండపాలెం దాటారు, మాచర్ల, సాగర్ మీదుగా తెల్లారేసరికి దిగాలి. దారి పక్క ఊళ్ళలో మండపాల దీపాలు వచ్చి పోతున్నాయి. ముందు సీటులో తాపీ మేస్త్రీ ఫోన్‌లో పన్నెండో సీజన్ మొదటి మ్యాచ్, ఈసారి విశాఖలో. టైటన్స్‌కు కెప్టెన్ విజయ్ మలిక్. అవతల తమిళ్ తలైవాస్ చొక్కాలో పవన్ సెహ్రావత్.

అడవిలోకి రాగానే బొమ్మ ఆగిపోయింది. మేస్త్రీ ఫోన్‌ను కిటికీకి ఆనించి, పైకెత్తి, చివరికి ఒళ్ళో పెట్టుకున్నాడు. సిగ్నల్ తిరిగొచ్చేసరికి ఆట అయిపోయి ఉంది. తలైవాస్ 38, టైటన్స్ 35.

"మూడే తేడా," మీరు ముందుకు వంగి అన్నారు. "ఒక పాయింటు వస్తదిలే అన్నా."

"యాడొస్తది?" మేస్త్రీ వెనక్కి తిరిగాడు. "ఈ ఏడు రూలు మార్చారుగా. గెలిస్తే రెండు, ఓడితే సున్నా. సమం గూడా లేదు, తేలేదాకా ఆడిస్తారంట."

"అదేదో నిరుడే మార్చుంటే?"

మేస్త్రీ కాసేపు వేళ్ళమీద లెక్కేశాడు. పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు. ముంబాకూ అంతే, జైపూర్‌కూ అంతే. "వాళ్ళు సమం చేసుకున్నవి తేల్చి ఆడాల్సొచ్చేదిగా, అవి పోగొట్టుకుని ఉంటే..." అని మొదలుపెట్టాడు. బస్సు మాచర్ల చేరేదాకా ఆపలేదు.