ఆసు - మన కోడండ్ల యారోగ్యము

మన నేతను గూర్చి వ్రాయువారు మగ్గమును వర్ణింతురు, చీర యంచును మెచ్చుకొందురు. నూలు మగ్గమెక్కక పూర్వము ఇంటి స్త్రీ చేతిమీదుగా నడచిన నడకను విడిచిపెట్టుదురు. ఆ విడిచిన భాగమునే మేమిచ్చట చెప్పబూనితిమి.

చీరాల తేలియా రుమాళ్లు ఒకనాడు అరబు దేశములకును ఆఫ్రికాకును ఎగుమతి యయ్యెడివి. ఆ చిటికి విద్య యిరువదవ శతాబ్దపు తొలి దశకములలో నల్లగొండ ప్రాంతమునకు వచ్చి పోచంపల్లి, పుట్టపాక గ్రామములలో స్థిరపడెను. ఇందులో రంగు లద్దుటకు ముందే పేకనూలును లెక్క తప్పక అమర్చవలయును. దానినే ఆసు పోయుట యందురు. ఒకవైపున నొక మేకు, ఎదుట అర్ధచంద్రాకారముగా మేకుల వరుస, నడుమ సుమారు గజము దూరము. ఆ మేకు నుండి యీ మేకునకు పోగును చేతితో త్రిప్పుచునే యుండవలయును. ఒక్క చీరకు సుమారు 9,000 మార్లు! దానికి నాలుగైదు గంటలు పట్టును. దినమునకు రెండు చీరలకు పోసిన చేయి 18,000 మార్లు తిరుగును.

ఇది కోడలి పని. కాపురమునకు వచ్చిన పదునెనిమిదేండ్ల పిల్ల నీళ్లు, పొయ్యి, చంటిబిడ్డ పనులు చూచుకొని, మిగిలిన ప్రొద్దంతయు ఆసు ముందుండెడిది. ఆమె చేయి యాగినచో మగ్గమాగును. మగ్గమాగినచో షావుకారునకు చీర యందదు, అప్పు తీరదు. కనుక నొప్పిని చెప్పుకొనుటకే వెఱచెడిది. భుజము పట్టును, వ్రేళ్లు మొద్దుబారును. ఒక్క పోగు తప్పిన పువ్వు చెదరునను దిగులు వేఱు. కూలి చీర లెక్కను మగనికి ముట్టెడిది, ఆసునకు వేఱుగ కాసు లేదు. కూలి లేని పనికి రోగ మెక్కడిదని, ఆ బాధను సోమరితన మనిరి, పుట్టింటి గారాబ మనిరి. మేమును అనినవారమే.

బ్రిటిషు ఇండియాలో 1891 నాటి చట్టము కర్మాగార స్త్రీలకు దినమునకు 11 గంటల మేర యేర్పఱచెను. 1948 నాటికి అది 9 గంటలకు దిగెను. 1961 నాటి ప్రసూతి చట్టపు 12 వారముల సెలవు 2017 లో 26 వారము లాయెను. ఇవి యేవియు మన గడప దాటి లోనికి రాలేదు. ఇంటి కోడలికి యజమాని యెవరని వ్రాయుదురు?

ఆలేరు సమీపమున శారాజీపేటలో తల్లి లక్ష్మిగారి భుజబాధను చూడలేక చింతకింది మల్లేశముగారు 1992 లో ఆసు యంత్రమునకు పూనుకొనిరి. అది 1999 లో గాని కుదురలేదు. దానికి తల్లి పేరనే లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడిరి. 2017 లో వారికి పద్మశ్రీ లభించినప్పుడు మనమందఱము సంతసించితిమి. ఆ యంత్రముపై చీరకు గంటన్నర చాలును. మిగిలిన ప్రొద్దున కొందఱు స్త్రీలు చిటికి కట్టుచున్నారు, కొందఱు కండెలు చుట్టుచున్నారు. యంత్రము రాకమునుపు ఏండ్ల తరబడి ఆసు పోసినవారి భుజము మాత్రము నేటికిని కుదుటపడలేదు. వారి వైద్యమునకు మన సంఘనిధిలో ఇంకను పద్దు లేదు.