దాచిన లెక్కలు - తరిగిన తిమింగలాలు

ఒక జీవజాతిని అంతరించిపోకుండ కాపాడవలెనంటే మొదట దాని సంఖ్య తెలియవలెను. చెరువులోని కొంగలను గట్టుమీద నిలిచి లెక్కించవచ్చును. మహాసముద్రంలో తిరిగే తిమింగలాలను లెక్కించడం అంత సులభం కాదు. అందుచేత చాలాకాలం శాస్త్రజ్ఞులకు వేటగాండ్ర లెక్కలే ప్రధానాధారమైనవి. ఏ సంవత్సరం, ఏ సముద్రంలో, ఎన్ని ఓడలు ఎన్ని రోజులు వేటాడి ఎన్నింటిని చంపినవో తెలుసుకొని, ఇంకా ఎన్ని మిగిలి ఉండునో అంచనా కట్టేవారు. అంతే శ్రమకు దొరికే తిమింగలాలు ఏటేటా తగ్గుచున్నవంటే ఆ జాతి క్షీణించుచున్నదని గ్రహించేవారు. ఈ పద్ధతి ఫలించవలెనంటే వేటగాడు చెప్పే లెక్క నిజమై ఉండవలెను. అది అబద్ధమైనప్పుడు ఏమి జరుగునో సోవియట్ తిమింగల వేట చరిత్ర స్పష్టంగా తెలుపుచున్నది.

1946 డిసెంబరులో వాషింగ్టన్ నగరంలో తిమింగల వేటను క్రమబద్ధం చేయుటకు ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. సోవియట్ యూనియన్ కూడ దానిపై సంతకం చేసినది. ఈ ఒడంబడిక ప్రకారం వేటకు పరిమితులు ఏర్పడినవి. పిల్లలతో ఉన్న తల్లులను చంపరాదు. అప్పటికే బాగా తగ్గిపోయిన రైట్ తిమింగలాలను వ్యాపారానికై ముట్టనే రాదు. ప్రతి దేశమూ తన వేట వివరాలను తెలియజేయవలెను. ఓడలపై తనిఖీదారులు ఉండేవారు. అయితే వారు ఆ ఓడ ఏ దేశానిదో ఆ దేశస్థులే. ఇతర దేశాల పరిశీలకులు ఓడలెక్కే ఏర్పాటు 1972 వరకు అమలులోకి రాలేదు.

సోవియట్ ప్రభుత్వపు 'స్లావా' అనే పెద్ద ఓడ 1946-47లో అంటార్కిటిక్ జలాలకు బయలుదేరినది. 1959 తరువాత అంతకంటె పెద్ద ఓడలు మరికొన్ని చేరినవి. ఎంత ఉత్పత్తి చేయవలెనో ప్రణాళిక ముందుగానే నిర్ణయించేది. లక్ష్యాన్ని మించినవారికి అదనపు వేతనం; మరుసటి ఏట లక్ష్యం ఇంకా పెరిగేది. తిమింగలం పెద్దదా చిన్నదా, నిషిద్ధ జాతిదా కాదా అన్న విచారణ లేకపోయినది. అనేకసార్లు పైకొవ్వు మాత్రం ఒలిచి, తక్కిన శరీరాన్ని సముద్రంలో వదిలివేసేవారు.

ఈ వేటకు భారీగా బలియైన వాటిలో హంప్‌బాక్ తిమింగలం ఒకటి. వీపుపై చిన్న మూపురం వంటి ఎత్తు ఉండుటచే దానికి ఆ పేరు వచ్చినది. దక్షిణార్ధగోళంలోని హంప్‌బాక్‌లు వేసవిలో అంటార్కిటిక్ సముద్రంలో మేసి, చలికాలంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండు తీరాల వెంబడి ఉత్తరానికి సాగి వెచ్చని నీళ్లలో పిల్లలను కంటవి. 1959 నుండి 1961 వరకు రెండే రెండు వేట ఋతువులలో సోవియట్ ఓడలు సుమారు 25,000 హంప్‌బాక్‌లను చంపినవి. 1962 నాటికి ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని వేట కేంద్రాలకు తిమింగలాలు కరవై, అవి మూతపడినవి. అక్కడి శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపోయినారు. అన్ని దేశాలూ తెలిపిన లెక్కలను కూడినను అంత తరుగుదలకు కారణం కనిపించలేదు.

కారణం ఆ లెక్కలలోనే దాగియున్నది. 1947 నుండి 1973 వరకు దక్షిణార్ధగోళంలో తాము చంపిన హంప్‌బాక్‌లు 2,710 అని సోవియట్ అధికారులు ప్రకటించినారు. నిజానికి చంపినవి 48,000కు పైగా ఉన్నవి. అన్ని జాతులూ, అన్ని సముద్రాలూ కలిపి చూడగా లెక్కలోనికి రాని తిమింగలాలు సుమారు 1,80,000.

ఇంతటి విషయం ఎవ్వరికీ తెలియదా? ఓడలపై పనిచేసిన వేలమంది నావికులకు తెలుసును. వారితో పోయిన శాస్త్రజ్ఞులకు తెలుసును. కాని వారి నివేదికలపై 'రహస్యం' అనే ముద్ర పడేది. 1922లో నెలకొల్పిన 'గ్లావ్‌లిత్' అనే ప్రభుత్వ శాఖ అనుమతి లేనిదే ఏ పత్రికలోను ఏదియు అచ్చుకాదు. పత్రికలు వేటగాండ్రను వీరులుగా కొనియాడినవి. 1965లో 'కొమ్సొమోల్‌స్కయా ప్రావ్దా' అనే పత్రిక, నౌకాబృందపు నాయకుడు పనివారిని పెట్టుచున్న బాధలను ధైర్యంగా బయటపెట్టినది. ఆ నాయకుడు పదవి కోల్పోయినాడు. అదే సంవత్సరం ఆ పత్రికా సంపాదకుడు కూడ తన స్థానాన్ని వదలవలసి వచ్చినది. తప్పుడు లెక్కలు మాత్రం మరి ఇరువదియెనిమిది సంవత్సరాలు ప్రపంచానికి తెలియలేదు.

పత్రికా స్వాతంత్ర్యం ఉన్న దేశాలలో తిమింగలాలు సురక్షితంగా ఉన్నవని దీనికి అర్థం కాదు. బ్రిటను, నార్వే ఓడలు కూడ అంతులేని వేట సాగించినవి. కాని అక్కడ అంకెలు అచ్చుపడేవి. వాటిని చూచి ప్రజలు ప్రశ్నించగలిగినారు. 1970 తరువాత అనేక దేశాలలో వేటకు వ్యతిరేకంగా ప్రజాభిప్రాయం బలపడినది. 1972లో స్టాక్‌హోంలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ మహాసభ పది సంవత్సరాలు వేట ఆపవలెనని కోరినది. వ్యాపారపు వేటను నిలిపివేయుటకు అంతర్జాతీయ సంఘం 1982లో తీర్మానించినది. సోవియట్ యూనియన్ తన వేటను 1987లో మానినది.

1990 జూనులో వచ్చిన కొత్త పత్రికా చట్టం సోవియట్ దేశంలో ముందస్తు తనిఖీని రద్దుచేసినది. 1993లో అలెక్సీ యాబ్లొకోవ్ అనే రష్యను జీవశాస్త్రజ్ఞుడు అమెరికాలోని గాల్వెస్టన్ నగరంలో, సముద్రపు క్షీరదాలను గూర్చిన ఒక సమావేశంలో ఈ అబద్ధాన్ని వెల్లడించినాడు. మరుసటి సంవత్సరం 'నేచర్' పత్రికలో ఆయన లేఖ వచ్చినది. తరువాత పాత నౌకాశాస్త్రజ్ఞులు ఒక్కొక్కరుగా తాము దాచిన కాగితాలు బయటికి తీసినారు. వారిలో ద్మీత్రి తర్మోసొవ్ అనే ఆయన అసలు వేట వివరాలను ఇంటి బంగాళాదుంపల కొట్టులో భద్రపరచినాడు. మరొకరు, అల్ఫ్రెడ్ బెర్జిన్, చూచినదంతా ఒక గ్రంథంగా వ్రాసి 1996లో మరణించినాడు.

ఆ కాగితాలవల్లనే శాస్త్రజ్ఞులు పాత గణితాన్ని సరిదిద్దగలిగినారు. హంప్‌బాక్‌లు ఇప్పుడు ఆస్ట్రేలియా తీరానికి మరల వేలకొలదిగా వచ్చుచున్నవి. ఉత్తర పసిఫిక్ మహాసముద్రపు రైట్ తిమింగలానికి అంతటి భాగ్యం కలుగలేదు. 1960 తరువాతి సంవత్సరాలలో అలాస్కా సమీపాన సోవియట్ ఓడలు వాటిని వందలకొలది రహస్యంగా చంపినవి. ఆ తూర్పు ప్రాంతంలో నేడు మిగిలినవి సుమారు 30 మాత్రమేనని అంచనా.

తిమింగలం తన కష్టాన్ని తాను చెప్పుకొనలేదు. దానిని చూచినవాడు చెప్పవలెను. చెప్పినవాడు శిక్షపాలు కాకుండ ఉన్నప్పుడే, ఇంకా సమయం మిగిలియుండగానే ఆ మాట లోకానికి చేరును. 1961లో చేరవలసిన మాట 1993లో చేరినది. ఆ ఆలస్యానికి పరిహారం ఏ చట్టమూ ఇయ్యలేదు.