బోనస్, బహుమతి, ప్రశంసా పత్రం: ఉద్యోగికి ఏది మేలు?

సిద్దిపేట: బట్టల దుకాణం సేల్స్‌మన్ కావచ్చు, ప్రైవేటు స్కూల్ టీచర్ కావచ్చు, 2023 జూన్‌లో మొదలైన ఐటీ టవర్‌లో కొత్తగా చేరిన కుర్రాడు కావచ్చు. బాగా పనిచేస్తే యజమాని నుంచి ఏదో ఒక గుర్తింపు వస్తుంది. ఒకచోట నగదు, ఒకచోట గిఫ్ట్, మరోచోట శాలువా, ఫోటో. కొన్ని సంస్థలు "నీకేం కావాలి?" అని ఉద్యోగినే అడుగుతున్నాయి. అలా అడిగినప్పుడు చాలామంది మొహమాటంతో "మీ ఇష్టం సార్" అనేస్తారు. ఆ ఒక్క మాటతో ఇంటికి అవసరమైనది చేజారిపోవచ్చు.

ముందు హక్కు, తర్వాత బహుమతి

చట్టం ప్రకారం రావాల్సినది వేరు, యజమాని సంతోషంతో ఇచ్చేది వేరు. ఈ తేడా తెలియక పండుగకి ఇచ్చిన స్వీట్ డబ్బానే బోనస్ అనుకునేవాళ్లు ఉన్నారు.

బోనస్ చట్టం 1965లో వచ్చింది. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో, ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసిన అర్హులైన ఉద్యోగికి కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం బోనస్ ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. 2015 సవరణతో అర్హతకు జీతం పరిమితి నెలకు 21,000 రూపాయలైంది. 2019 వేతనాల కోడ్‌లోనూ 8.33, 20 శాతాలు అలాగే ఉన్నాయి. 8.33 శాతం అంటే పన్నెండో వంతు. ఏడాదంతా పనిచేస్తే లెక్కలోకి తీసుకునే జీతంలో దాదాపు ఒక నెల మొత్తం అన్నమాట.

గ్రాట్యుటీ కూడా హక్కే. 10 మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థలో సాధారణంగా అయిదేళ్లు నిండితే, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన మానేసేటప్పుడు ఇవ్వాలి. నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. చివరి జీతం 13,000 అయితే రోజుకు 500, ఏడాదికి 7,500. పదేళ్లకు 75,000 రూపాయలు. నాలుగున్నరేళ్లకే మరో దుకాణంలో వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తామన్నారని వెళ్లిపోయే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

వీటిని ఇస్తూ "ఇదే నీ అవార్డు" అని ఎవరైనా అంటే, అది బహుమతి కాదు, బాకీ. ఇవ్వకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు.

ఎవరికి ఏది సరిపోతుంది?

ఇంట్లో అప్పు ఉన్నా, ఆడపిల్ల పెళ్లి దగ్గర పడినా నగదే మేలు. అయితే ఒక్కసారి ఇచ్చే 10,000 కంటే నెలకు 1,000 రూపాయల పెంపు మంచిది. ఏడాదిలో 12,000 అవుతుంది, మరుసటి ఏడాదీ వస్తుంది. మూల జీతంలో కలిస్తే గ్రాట్యుటీ కూడా పెరుగుతుంది. నగదు అవార్డును ఆదాయపు పన్ను లెక్కలో జీతంగానే చూస్తారన్నదీ గుర్తుంచుకోవాలి.

చిన్నపిల్లలున్న తల్లికి, ముసలి అమ్మీ-అబ్బాను చూసుకునే కొడుక్కి డబ్బు కంటే టైమ్ విలువైనది కావచ్చు. 2025 రంజాన్‌లో తెలంగాణ ప్రభుత్వం ముస్లిం ఉద్యోగులు మార్చి 2 నుంచి 31 వరకు సాయంత్రం 4 గంటలకే ఆఫీసు నుంచి వెళ్లేందుకు అనుమతి ఇచ్చింది. ఆ ఉత్తర్వు ప్రైవేటు దుకాణాలకు వర్తించకపోయినా, "నగదు బదులు ఆ నెలలో షిఫ్ట్ మార్చండి" అని సేఠ్‌ను అడగడంలో తప్పు లేదు.

చదువు మధ్యలో ఆపి పనిలో చేరిన యువకుడికి శిక్షణ ఫీజు కట్టించుకోవడం లాభం. నేర్చుకున్న పని ఉద్యోగం మారినా వెంట వస్తుంది. ప్రశంసా పత్రాన్నీ తక్కువగా చూడొద్దు. దానిమీద పేరు, హోదా, చేసిన పని, తేదీ, సంస్థ ముద్ర ఉంటే రేపు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో అనుభవానికి రుజువుగా చూపించవచ్చు. అవేవీ లేని షీల్డ్ అలమారాలోనే ఉండిపోతుంది.

నేతన్న నేర్పే పాఠం

సిద్దిపేట గొల్లభామ చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేనేత కళాకారులకు ఆగస్టు 7న రాష్ట్ర ప్రభుత్వం కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట అవార్డు ఇస్తోంది. అది గౌరవం, కానీ ఏటా కొందరికే దక్కుతుంది. 2017లో మొదలైన పొదుపు పథకం దారి వేరు. నేత కార్మికుడు తన కూలిలో 8 శాతం దాస్తే ప్రభుత్వం 16 శాతం కలుపుతుంది. అంటే 800 దాస్తే మరో 1,600 చేరుతుంది. వేదిక లేదు, చప్పట్లు లేవు. కానీ పథకంలో చేరిన ప్రతి ఇంటికీ అందేది ఇదే.

ఎవరి రోల్‌లో ఉన్నామన్నది కూడా చూసుకోవాలి. 2024లో సింగరేణి లాభాల్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకు ప్రకటించారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్ట్ కార్మికుడికి 5,000. అదీ మొదటిసారి. అందుకే ఉద్యోగంలో చేరే రోజే నియామక పత్రంలో యజమాని పేరు ఎవరిదో చదవాలి.

అడిగే పద్ధతి

అడిగే ముందు ఇంట్లో కూర్చుని, ఈ ఏడాది కుటుంబానికి ఏది ముఖ్యమో మాట్లాడుకోవాలి. తర్వాత ఏడాదిలో చేసిన పనిని నాలుగు లైన్లలో రాసుకోవాలి: ఎంత అమ్మకం పెరిగింది, ఎందరు పిల్లలు పాసయ్యారు, ఎన్ని సెలవులు మిగిలాయి. పండుగ రద్దీలో కాకుండా తీరిక సమయంలో, ఒక్క కోరికే మర్యాదగా చెప్పాలి. ఒప్పుకుంటే వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట మీద ఇచ్చిన హామీ మేనేజర్ మారితే మారిపోతుంది. కాగితం మీద ఉన్నది మిగులుతుంది.