ఇంటి బాయిలరు ఏల చల్లారును?

మన యిండ్లలో స్నానమునకు నీళ్లు కాచుట పెద్ద విద్య కాదు. పెరటిలో మూడు రాళ్ల పొయ్యి, దానిపై కాగు, క్రింద నాలుగు పుల్లలు. కొంచెము కలిగినవారి యింట నడుమ పొగగొట్టము గల రాగి బాయిలరు. మంట చాలకున్న మరి రెండు పుల్లలు త్రోయుదుము. ఆరిపోయినచో గొట్టముతో ఊదుదుము. లోపమెక్కడ నున్నదో కంటికి కనబడుచునే యుండును. ఇంగ్లండు, జర్మనీ వంటి చలిదేశములలో సంగతి వేరు. అచ్చట పెక్కిండ్లలో నొక పెట్టె గోడకు తగిలింపబడి యుండును. ఇల్లంతయు వెచ్చగా నుంచునదియు, కుళాయిలో వేడినీ రిచ్చునదియు నదియే. చలికాలపు నడిరాత్రి అది నిలిచిపోయినచో ఆ యింటివారికి తెలియునది గదులు చల్లబడుటయే గాని కారణము కాదు. ఆ దేశములలో కాపురమున్న తెలుగుబిడ్డలు నేడు వేలకొలది గలరు గనుక ఈ పెట్టె కథ మన పెద్దలు వినదగినదే.

ఆ కథలో నాకు ముఖ్యముగా తోచిన సంగతిని ముందే మనవిచేసెదను. ఈ బాయిలరు నిలిచిపోవుట చాలసార్లు చెడిపోవుట కాదు. లోపల నెవడో యొక కావలివాడు ద్వారము మూసినాడన్నమాట. ఆ కావలివారు ఎప్పుడు, ఏ యాపద చూచి నియమింపబడిరో తెలిసికొన్నచో, నిలిచిన బాయిలరు నెదుట ఏమి పరీక్షింపవలెనో, దేనిని ముట్టరాదో సులభముగా బోధపడును.

రోమనుల కాలమునుండి మొదలుపెట్టుదము. క్రీస్తుకు కొంచెము పూర్వము విట్రూవియసు అను శిల్పి వాస్తువును గూర్చి పది భాగముల గ్రంథము వ్రాసెను. అందైదవ భాగమున స్నానశాలల ప్రసక్తి గలదు. పొయ్యిపైన మూడు కంచు కాగు లమర్పవలెను: ఒకటి వేడినీటికి, ఒకటి గోరువెచ్చని నీటికి, ఒకటి చన్నీటికి. మొదటి కాగునుండి ఎంత నీరు వెడలునో అంత నీరు రెండవదానినుండి వచ్చి చేరవలెను. రెండవదాని కొరతను మూడవది తీర్చవలెను. నిప్పుమీద వట్టి పాత్ర యుండరాదను నియమ మంత పాతది.

నీటిని మూత బిగించి బంధించి కాచినచో నేమగునో లోకమునకు చూపినవాడు దెనీ పాపెను. ఫ్రాన్సు దేశస్థుడగు నీతడు లండనులో నున్నప్పుడు, 1679లో, ఎముకలను సైతము మెత్తపరచు పాత్ర నొకదానిని కల్పించెను. నేడు మన వంటయిండ్లలో ఈలవేయు ప్రెషరు కుక్కరుకు అదియే మూలపురుషుడు. పాత్ర పగులకుండుటకై మూతకు చిన్న రంధ్రము, దానిపై నొక బిళ్ళ, బిళ్ళ నదిమి పట్టుటకు బరువు కట్టిన మీట నమర్చెను. లోపలి యొత్తిడి హద్దు మీరినచో బిళ్ళ లేచి ఆవిరి వెడలిపోవును. దీనినే రక్షాకవాట మందురు. మన కావలివారిలో ఇతడు పెద్దవాడు. ఒక పాలు నీరు ఆవిరియైనచో 1,600 పాళ్లకు పైగా చోటాక్రమించునని తలంచినవారికి ఈతని యవసరము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక నీటిచేత ఇంటిని వెచ్చజేయు విద్య. ఇది మొదట మనుష్యుల కొరకు పుట్టలేదు. స్వీడను దేశస్థుడగు ట్రీవాల్డు 1716లో ఇంగ్లండునందలి న్యూకాజిలులో మొక్కలుంచు అద్దపుటింటిని వేడినీటి గొట్టములతో వెచ్చజేసెను. ఫ్రాన్సులో బొన్నెమాను అనునాతడు 1777లో కోడిగ్రుడ్లు పొదిగించుట కదే యుపాయమును వాడెను. వేడెక్కిన నీరు తేలికయై పైకిపోవును, చల్లారిన నీరు బరువై క్రిందికి దిగును. ఇట్లు నీరు తనంత తానే గొట్టములలో తిరుగుచుండును. గ్రుడ్లకు వేడి యెక్కువైనను కీడే, తక్కువైనను కీడే గనుక బొన్నెమాను మరియొక చమత్కారము చేసెను. ఇనుము కంటె సీసము వేడికి ఎక్కువగా సాగును. ఈ రెండు లోహములను జతపరచి, ఆ సాగుటలోని భేదముచే పొయ్యికి గాలిపోవు ద్వారము తానే మూసికొనునట్లును, తెరచుకొనునట్లును అమర్చెను. నేడు సీమలో ప్రతి యింటి గోడకు నుండు ఉష్ణనియామకమునకు ఈ కోళ్లగూటి చువ్వ తాతవంటిది.

ఆ తాత మనుమడే నేటి యిండ్లలో మొదటి యనుమానితుడు. బాయిలరు వెలుగలేదని గాబరాపడువారిలో కొందరి యింట జరిగినది ఇంతే: ఎవరో నియామకమును తక్కువ వేడికి త్రిప్పినారు, లేదా కరెంటు పోయివచ్చుటచే దానితో కూడిన గడియారము కాలము తప్పినది. పెట్టె మూత విప్పుటకు ముందు చూడవలసినది గోడ. అటుతరువాత గ్యాసు వచ్చుచున్నదా యని. పొయ్యి వెలిగించి చూచినచో ఆ సందేహము తీరును.

నీరు గొట్టములలో తిరుగు ఇండ్ల కింకొక చిక్కు గలదు. ఎత్తైన చోట గాలి చేరినచో నీటి దారి కడ్డుపడును. గదులలోని ఇనుప రేడియేటరు అడుగున వెచ్చగను, పైన చల్లగను ఉన్నచో అది గాలి పనియే. చిన్న తాళముతో పై మర నించుక వదలు చేసినచో బుస్సుమని గాలిపోయి నీటిచుక్క వచ్చును. వెంటనే మర బిగింపవలెను. ఇందొక మెలిక యున్నది. గాలి పోయినంత మేర లోపలి యొత్తిడి తగ్గును. మూసియున్న యేర్పాటులలో, చల్లగా నున్నప్పుడు, ఒత్తిడి ముల్లు సామాన్యముగా 1కిని 1.5కిని నడుమ నుండవలెను. అంతకు చాల తగ్గినచో నీరు తక్కువైనదని యొక కావలివాడు మంటను వెలుగనీయడు. రేడియేటరును బాగుచేసికొన్న మరునాడు బాయిలరు నిలిచిపోవుట ఇందువలననే. నీరు నింపు కవాటమును తెరచి, ముల్లు తన చోటికి వచ్చినంతనే మూసినచో సరిపోవును. వారమునకు రెండుమారులు నింపవలసి వచ్చుచున్నచో మాత్రము ఎక్కడనో నీరు కారుచున్నదని యెరుంగవలెను.

ఈ కథలో దుఃఖకరమైన ఘట్టము పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండుది. నాటి మధ్యతరగతి యిండ్లలో వంటపొయ్యి వెనుక ఇనుప బాయిలరొకటి బిగించి, అటకపై తొట్టి పెట్టి, రెంటిని గొట్టములతో కలిపెడివారు. తొట్టి తెరచియుండుటచే సామాన్యదినములలో భయము లేదు; నీరు వేడెక్కి వ్యాపించినను పైకి పోవుటకు దారి యున్నది. కాని గట్టి చలిరాత్రులలో అటక మీది గొట్టములలో నీరు గడ్డకట్టెడిది. అప్పుడా మంచుగడ్డయే బిరడాయై బాయిలరు నోరు మూసెడిది. ఈ సంగతి తెలియక వేకువనే పొయ్యి రాజేయునది పనికత్తె. ప్రేలుడునకు మొదట గురియగునదియు నామెయే. 1895 ఫిబ్రవరిలో స్కాట్లండునందలి బ్రేమారులో ఉష్ణము సున్నకు దిగువ 27 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పడిపోయినది. ఆ నెల బ్రిటనులో గడ్డకట్టని గొట్టము అరుదు. పాపెను చెప్పిన చిన్న కవాటమును బాయిలరు మీదనే బిగించియున్నచో ఇట్టి చావులు తప్పెడివి. బాయిలరుల ప్రేలుళ్లను విచారించుటకు 1882లో పార్లమెంటు ఒక చట్టము చేసినది గాని, కేవలము ఇంటి యుపయోగమునకైన బాయిలరులను దానినుండి మినహాయించినది. మిల్లులోని బాయిలరు ప్రేలిన విచారణ; వంటయింటిలోనిది ప్రేలిన విధి! ఈ భేదము నాకు న్యాయముగ తోచదు.

గ్యాసు వచ్చిన పిమ్మట ఆపద రూపు మారినది. లండనులో బెంజమిను వాడీ మాను అను రంగులు వేయు పనివాడు 1868లో, కుళాయి త్రిప్పినంతనే వేడినీరు కార్చు యంత్రమును కనిపెట్టి, ఐసులాండు దేశపు వేడినీటి ఊటను బట్టి దానికి గీజరని పేరుపెట్టెను. మన పట్టణములలో విద్యుత్తుతో నీరు కాచు పాత్రను గీజరనుట ఆనాటి పేరే. మాను చేసిన గీజరులో పొగ వెలుపలికి పోవు గొట్టము లేదు. మూసిన స్నానపుగదిలో, వాసనయు రంగును లేని కార్బను మోనాక్సైడు అను విషవాయువు చేరుట కది చాలు. అమెరికాలో ఎడ్విను రూడు 1889లో తానే వెలిగి తానే ఆరు నీటి యంత్రమును, జర్మనీలో యోహాను వాయిలాంటు 1894లో మంట పొగలు స్నానపు నీటిని తాకని యంత్రమును చేసిరి.

అయినను ఒక చిక్కు మిగిలినది. గ్యాసు యంత్రములో సదా వెలుగు చిన్న దీపము గాలికారిపోయినచో గ్యాసు మాత్రము వచ్చుచునే యుండును. ఎవరైన అగ్గిపుల్ల గీచిన యిల్లే లేచిపోవును. దీనికి విరుగుడు 1821లో జర్మను శాస్త్రజ్ఞుడు సీబెకు చూచిన యొక వింతలో నుండెను. రెండు వేరు లోహముల తీగలను కలిపి, ఆ యతుకును వేడిచేసినచో కొలదిగా విద్యుత్తు పుట్టును. చిన్న దీపపు మంటలో ఈ యతుకు నుంచినచో పుట్టు విద్యుత్తు వోల్టులో నూరవవంతుల లెక్కలోనిదే. అయినను గ్యాసు కవాటమును తెరచియుంచుట కది చాలును. దీప మారిన క్షణములలో అతుకు చల్లబడును, కవాటము మూసికొనును. పాత బాయిలరులలో దీపమును వెలిగించి, మీటను అరనిమిషము నొక్కిపట్టి వదలుట ఈ యతుకు వేడెక్కుటకే. వదలినంతనే దీప మారుచున్నచో అతుకు శిథిలమైనదనియో, మసిపట్టినదనియో తలంపవచ్చును.

క్రొత్త బాయిలరులలో సదా వెలుగు దీపము లేదు. నిప్పురవ్వ పుట్టి మంట వెలుగును. మంట కనబడకున్నచో యంత్రము కొన్నిమారులు ప్రయత్నించి తనకు తానే తాళము వేసికొనును. ఆ తాళము తీయు మీట యింటివారి చేతికి అందుబాటులోనే యుండును. ఒకటి రెండుమారులు నొక్కి చూడవచ్చును. మాటిమాటికి నొక్కుట తలుపు తట్టుచున్న కావలివానిని గెంటివేయుటయే. గ్యాసు వాసన వచ్చినను, దగ్గర నున్నవారికి తలనొప్పియు వికారమును కలిగినను మీట జోలికి పోక, కిటికీలు తెరచి, వెలుపలికి వచ్చి, పనివాని పిలిపింపవలెను. కుళాయిలో వేడినీరు వచ్చుచు గదులు మాత్రము చల్లగా నున్నచో, నీటి నిటునటు మరల్చు కవాటమునో నీటిని త్రిప్పు పంపునో అనుమానింపవలెను. అదియు పనివాని వంతే. లోపల మరుగు చప్పుడు వచ్చుచున్నచో మన బావినీళ్ల కాగులకు పట్టునట్టి తెల్లని సున్నపు పొర యచ్చటను పట్టినదనుకొనవచ్చును. ఆ పొర వేడిని నీటికి పోనీయదు. వేడి హద్దు మీరి మరియొక కావలివాడు మంట నార్పును.

ఇటీవలి చరిత్రలో వింతయైన నిలుపుదల 2010 డిసెంబరునందలిది. పొగతో పోవు వేడిని కూడ పట్టుకొని యింధనము ఆదాచేయు బాయిలరు లుండెను. 2005 ఏప్రిలు నుండి ఇంగ్లండు, వేల్సు దేశములలో క్రొత్తగా బిగించు గ్యాసు బాయిలరులు సామాన్యముగ ఇట్టివే కావలెనని నియమము వచ్చినది. పొగ చల్లారినప్పుడు అందలి ఆవిరి నీరై దిగును. ఆ నీటిని సన్నని గొట్టముతో వెలుపలికి వదలెడివారు. 2010 డిసెంబరు బ్రిటనులో నూరేండ్లలో నెన్నడు నెరుగని చలిడిసెంబరు. వెలుపలి గొట్టములలో నీరు గడ్డకట్టినది. పోవుదారి లేక నీరు వెనుకకు నిండి బాయిలరులు వరుసగా నిలిచిపోయినవి. 1895లో గడ్డకట్టిన గొట్టము బాయిలరును ప్రేల్చెను. 2010లో దాని నార్పెను. యింటివారు చలికి వణకిరి గాని ఎవరి వంటయిల్లును కూలలేదు. గోరువెచ్చని నీటిని గొట్టముపై పోసి, గడ్డ కరిగిన పిమ్మట మీట నొక్కినచో చాలయిండ్లలో మంట మరల వెలిగినది. మరుగు నీరు పోసినచో గొట్టము పగులును. అటుపిమ్మట వెలుపల పోవు గొట్టము లోవ్యాసము 30 మిల్లీమీటర్లకు తగ్గకుండ నుండవలెననియు, దానికి చలి సోకని తొడుగు తొడుగవలెననియు పనివారికి సూచన లిచ్చిరి.