కొండాయి ఒడ్డు

ఎటు తిప్పి చెప్పినా ఈ కథ ఎనిమిది శవాల దగ్గరికే చేరుతుంది. 2023 జూలై 27, గురువారం. ములుగు జిల్లా ఏటూరునాగారం మండలం కొండాయిని జంపన్న వాగు ముంచేసింది. నీళ్లు ఇళ్లలోకి వస్తుంటే, మెరకకు చేరి బతుకుదామని బయల్దేరిన వాళ్లను వాగు తన వెంట తీసుకుపోయింది. వరద తీసాక ఆ ఎనిమిది మందీ ఒక్కొక్కరుగా దొరికారు.

ఆ వాగుది ముందు వేరే పేరు, సంపెంగ వాగు. కాకతీయ సేనతో పోరులో ఒరిగిపోతూ మేడారం వనదేవత సమ్మక్క కొడుకు జంపన్న అందులోనే ప్రాణం విడిచాడని, ఆనాడు నీళ్లు ఎర్రబారాయని మా వైపు పెద్దలు చెబుతారు. ఒక చావును పేరుగా మోస్తున్న నీళ్లవి. మేడారం జాతరకు వెళ్లిన ప్రతిసారీ అందులో మునిగి లేచిన వాళ్లమే మేమంతా. అది మనుషుల్ని మింగుతుందని అనుకోవడానికి మనసు ఒప్పలేదు.

అంతకుముందు 24 గంటల్లో అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన ఎన్నడూ నమోదు కాలేదు. పాత రికార్డు 2013లో వాజేడుది, 517.5. ఏడాదికి పడాల్సిన దాంట్లో దాదాపు సగం ఒక్క పగలూ ఒక్క రాత్రిలోనే కుమ్మరించిపోయింది.

కొండాయి మునగడానికి ముందురోజు, బుధవారం సాయంత్రం వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలో ముత్యాలధార జలపాతం చూడబోయిన సుమారు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగి చిక్కుకున్నారు. ఫోన్ కలిసింది. వాగు దాటొద్దు, ఎత్తున్న చోటే ఉండండి అని పోలీసులు చెప్పారు. వాళ్లు విన్నారు. చీకట్లో, వానలో, అడవిలో నిలబడి ఎదురుచూశారు. ఎన్డీఆర్ఎఫ్ బృందం రాత్రికి రాత్రే వెళ్లి వాళ్లను ఇవతలికి తెచ్చింది. ఆ వార్త విని మేమెంత ఊపిరి పీల్చుకున్నామో! వాళ్లంతా ఇళ్లకు చేరినందుకు ఇప్పటికీ సంతోషమే.

ఆ రాత్రి ఇంకా తెల్లారనే లేదు. తెల్లవారుజామున భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి నీట మునిగింది. జనం డాబాలెక్కారు, చెట్లెక్కారు. పడవలొచ్చాయి, సైనిక హెలికాప్టర్లొచ్చాయి, ఊరు ఊరంతా బయటపడింది, నలుగురు తప్ప. ఆ తర్వాత కొండాయి.

రక్షించేవాళ్లు రాలేదని నేననను. వచ్చారు, ప్రాణాలకు తెగించి వచ్చారు. కానీ వాళ్లు రావాల్సింది ఎంతో దూరం నుంచి, తెగిన రోడ్ల మీదుగా. వాగుకు ఆ ఎడం తెలియదు. మొదటి గంట ఎప్పుడూ ఊరివాళ్లదే. ఆ గంటలో ఒడ్డున ఉండేది పక్కింటి మనిషే.

అందుకే 2022 జూలై గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది. ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పెరిగింది. నది అంత గట్టిగా చెప్పాక మనకు ఒక ఏడాది చేతిలో ఉంది. విపత్తుల్లో ఆదుకోవడానికి స్థానికులను తయారుచేసే ఆపద మిత్ర పథకంలో వలంటీరుకు ఇచ్చే శిక్షణ పన్నెండు రోజులు. ఏడాదిలో అలాంటి పన్నెండు రోజులు ఎన్ని! వాగు ఒడ్డు ఊరికి పదిమంది చొప్పున నేర్చుకోవడానికి ఎన్ని ఎండాకాలపు పొద్దులు!

తాళ్లు మనకు తెలియనివీ కావు. మోరంచవాగుకు పెద్ద దూరం లేని పాండవుల గుట్టల్లో మా వరంగల్ కుర్రాళ్లు నడుముకు పట్టీలు బిగించుకుని రాళ్లెక్కుతారు, తాడు పట్టుకుని జారుతూ దిగుతారు. ముడి ఎలా పడాలో, బరువు ఏ రాతికి వెయ్యాలో, కింద ఉన్నవాడు పైవాడి ప్రాణం ఎలా పట్టుకోవాలో వాళ్ల చేతులకు తెలుసు. నీళ్ల దగ్గర నేర్వాల్సింది మరికొంతే. మోకాలి లోతు వరద కూడా మనిషిని పడగొడుతుందని. మునిగేవాడికి ముందు కర్ర అందించాలని, అందకపోతే తాడు విసరాలని, మనిషి దిగడం అన్నిటికన్నా చివరనని. పారే నీళ్లలో తాడును ఒంటికి ముడేసుకుంటే అదే ఉరి అవుతుందని. ఆ గుట్టల మీది తాడు ఈ వాగుల ఒడ్డుకు ముందే నడిచొచ్చి ఉంటే? ముత్యాలధార దగ్గర వినిపించిన ఆ ఒక్క మాట, దాటొద్దు ఆగండి అన్న మాట, కొండాయిలో చెప్పగలిగిన మనిషి, ఆగడానికి చూపించగలిగిన మెరక ముందే ఉండి ఉంటే? ఎనిమిది మందీ దక్కేవాళ్లని చెప్పలేను. ఒక్కరు దక్కినా ఒక ఇంట్లో దీపం ఉండేది.

ఆ వరద వచ్చిన ఏడు నెలలకు, 2024 ఫిబ్రవరి 21న, మేడారం జాతర మొదలైంది. సమ్మక్క కూతురు సారలమ్మ పెనిమిటి గోవిందరాజుది కొండాయే. ఆనవాయితీ ప్రకారం పూజారులు ఆయన్ను ఆ ఊరి నుంచే డోలు చప్పుళ్లతో గద్దెకు తీసుకొచ్చారు. జంపన్న వాగులో జనం తల ముంచి స్నానాలు చేస్తున్నారు. నీళ్లు అప్పుడు నడుముల దాకే ఉన్నాయి, తేటగా, చల్లగా.