టీకా వరసలో ముందు ఎవరు? ఒక శివారు ఊరి లెక్క

మాది కృత్తివెన్ను. కృష్ణా తూర్పు డెల్టాలో కాలవలకి చిట్టచివర ఉన్న ఊళ్ళలో మాదొకటి. బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలితే ఎగువ చేలన్నీ తడిశాక మిగిలినవే మా వైపు వస్తాయి. ఎద్దడి ఏడు వచ్చిందంటే వంతులు పెడతారు, ఆ వంతుల మీదే గొడవలు. అంచేత వరస అంటే ఏంటో శివారు వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇవాళ్టి ఎపిసోడ్ ఇంకో వరస గురించి. కొత్త టీకా వచ్చింది, అందరికీ సరిపోదు. ముందు ఎవరికెయ్యాలి?

బీటెక్‌లో ప్రయారిటీ క్యూ అని ఒకటి చదివాం. ముందొచ్చినవాడు కాదు, ఎక్కువ ప్రాధాన్యం ఉన్నవాడు ముందు బయటికెళ్తాడు. కోడ్ పది లైన్లు. కానీ ఆ ప్రాధాన్యం నంబర్ ఎవరివ్వాలన్నది ఆ పాఠంలో ఉండదు. అది చరిత్రలో వెతుక్కోవాలి.

మన దేశంలో మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో పడింది. మశూచి టీకా. వేయించుకున్నది అన్నా డస్టాల్ అనే మూడేళ్ళ పాప. అప్పట్లో ఫ్రిజ్‌లు లేవు. టీకా వేసిన చోట పొక్కు లేస్తే, అందులోని రసం తీసి ఇంకో చేతికి వేసేవాళ్ళు. అంటే ఆ వరసలో ముందున్న పిల్లలు తమని తాము కాపాడుకోవడమే కాదు, వెనకున్నవాళ్ళకి మందు సీసాలు కూడా వాళ్ళే! పాపం, వాళ్ళని అడిగి పెట్టిన వరస కాదది.

ఇప్పుడు మీ ఇంట్లో తాతయ్యదో అమ్మమ్మదో జబ్బ చూడండి. గుండ్రటి మచ్చ ఉంటుంది. అది మశూచి టీకాది కావచ్చు. 1960ల్లో అందరికీ వెయ్యాలని బయల్దేరారు. ఆచరణలో ఏమైందంటే, బడిపిల్లల్లాంటి తేలిగ్గా దొరికేవాళ్ళకి మళ్ళీ మళ్ళీ పడింది, దొరకనివాళ్ళు మిగిలిపోయారు. టార్గెట్ నంబర్ బాగానే ఉంది, జబ్బు మాత్రం పోలేదు. 1970ల్లో వరస మార్చారు. మశూచి ఎక్కడ కనపడితే అక్కడికెళ్ళి, ముందు ఆ ఇంటివాళ్ళకి, తర్వాత చుట్టుపక్కల వాళ్ళకి. ఇల్లిల్లూ తిరిగి రోగిని వెతకడమే అసలు పని. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి కేసు లేదు.

ఇక 2021కి వద్దాం. అంతకుముందు, 2020 డిసెంబర్ 28, 29 తేదీల్లో కరోనా టీకా డ్రై రన్ పెట్టారు. దేశంలో నాలుగే రాష్ట్రాలు. ఆంధ్రలో ఎంచుకున్నది మన కృష్ణా జిల్లానే. 2021 జనవరి 16న అసలు టీకా మొదలైంది. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో మొదటి డోసు వేయించుకున్నది ఒక పారిశుధ్య కార్మికురాలు. మామూలు రోజుల్లో ఆసుపత్రిలో అందరికన్నా చివర గుర్తొచ్చే మనిషి ఆవిడ!

కేంద్రం పెట్టిన వరస ఇదీ: కోటి మంది ఆరోగ్య సిబ్బంది, తర్వాత రెండు కోట్ల మంది పోలీసులు, పారిశుధ్యం లాంటి ముందువరస సిబ్బంది, ఆ తర్వాత వయసు, జబ్బులు చూసి మరో 27 కోట్లు. మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ళు, జబ్బులున్న 45 దాటినవాళ్ళు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరూ. మే 1 నుంచి పద్దెనిమిది దాటినవాళ్ళు. దీని వెనక ఉన్న ఆలోచన ఒక్కటే, చావులు తగ్గాలి. అందరూ ఇలాగే ఆలోచించలేదు. ఇండోనేషియా పనిచేసే వయసు వాళ్ళకి ముందు వేసింది. ముసలివాళ్ళ మీద ఆ టీకా ఫలితాలు అప్పటికి సరిపడా లేవు, పైగా బయట తిరిగేది కుర్రాళ్ళే కదా అన్నది వాళ్ళ లెక్క. రెండు వరసలకీ కారణాలున్నాయి. ఏం కాపాడాలనుకుంటున్నామో దాన్నిబట్టే వరస.

మేలో మాత్రం ఇంకో వరస దూరింది. దాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. 18 నుంచి 44 వాళ్ళు కోవిన్‌లో ఆన్‌లైన్‌లోనే స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. అంటే స్మార్ట్‌ఫోన్, నెట్, వేలి స్పీడు ఉన్నవాడే ముందు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. అప్పుడు నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. స్లాట్ ఖాళీ అయితే ఫోన్ మోగేలా చిన్న స్క్రిప్ట్ రాసుకున్నా. సిటీకి దూరంగా ఓ పల్లెలో దొరికింది. కారేసుకుని వెళ్ళా. లోపల నాలాంటి సిటీ వాళ్ళే కుర్చీల్లో ఉన్నారు. ఆ ఊరివాళ్ళు గేటు బయట నిలబడి చూస్తున్నారు. నాకు రూల్ ప్రకారమే స్లాట్ వచ్చింది, దొంగతనం ఏం చెయ్యలేదు. అయినా సూది గుచ్చుతున్నప్పుడు మా కాలవే గుర్తొచ్చింది. ఆ రోజు ఎగువన ఉన్నది నేను.

ఫోన్ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య ఈ తేడా గురించి సుప్రీంకోర్టు కూడా కేంద్రాన్ని గట్టిగా అడిగింది. తర్వాత నేరుగా కేంద్రానికి వెళ్ళినా వేసే పద్ధతి వచ్చింది.

మన రాష్ట్రం మేలో 45 దాటినవాళ్ళకి, అందులోనూ రెండో డోసు వాళ్ళకి ముందు అంది. ఊళ్ళలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎమ్‌లు, వాలంటీర్లు ఇంటింటికీ వెళ్ళి పేర్లు రాశారు. జూన్‌లో అయిదేళ్ళలోపు పిల్లల తల్లుల్ని కూడా వరసలోకి తెచ్చారు, వాళ్ళ వయసు ఎంతైనా సరే. మూడో వేవ్ పిల్లల మీద పడుతుందేమో, బిడ్డ ఆసుపత్రిలో ఉంటే పక్కన ఉండేది తల్లే కదా అని. ఆ భయం అలా నిజం కాలేదు, మంచిదే. కానీ ఆ ఆలోచన నాకు నచ్చింది. ఎవరు చచ్చిపోతారన్న దగ్గరే ఆగకుండా, ఒకరు పడితే వాళ్ళతో పాటు ఎవరు పడతారని కూడా చూసింది. జూన్ 20న ఒక్కరోజే రాష్ట్రంలో 13 లక్షలకి పైగా డోసులు వేశారు.

అసలు విషయం ఇదండీ. వరస రాయడం సగం పనే. మిగతా సగం, శివారు మనిషి దగ్గరికి ఎవరు నడిచి వెళ్తారన్నది. 1970ల్లో మశూచిని పోగొట్టింది ఆ నడకే, 2021లో మా ఊళ్ళ దాకా టీకాని తెచ్చిందీ ఆ నడకే. యాప్ తనంతట తాను కాలవ గట్టు మీద నడవదు.

రేపు ఇంకో జబ్బు, ఇంకో టీకా వస్తాయి. ఆ యాప్ రాసేది ఈ వీడియో చూస్తున్న మీలో ఒకరే కావచ్చు. మొదటి లైన్ టైప్ చేసే ముందు గేటు బయట ఎవరు నిలబడి ఉన్నారో ఒక్కసారి చూడండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ మచ్చ ఎప్పుడు పడిందో అడిగి కామెంట్‌లో రాయండి. ఉంటానండీ.