విండో మార్పిడి షార్ట్‌కట్
కంప్యూటర్ తెరపై తెరచి ఉన్న విండోల మధ్య మౌస్ తాకకుండా మారడానికి ఉపకరించే మీటల కలయికను విండో మార్పిడి షార్ట్‌కట్ అంటారు. విండోస్‌లో ఇందుకు ఆల్ట్, ట్యాబ్ మీటలను కలిపి నొక్కుతారు. 2011లో మొదలైన, ప్రభుత్వ సేవలందించే మీసేవ కేంద్రాలలో దరఖాస్తు ఒక విండోలోను, స్కాన్ చేసిన ఆధారపత్రాలు మరొక విండోలోను ఉంచుకొని పనిచేసే ఆపరేటర్లకు ఇది శ్రమను, సమయాన్ని ఆదా చేస్తుంది.

లినక్స్‌లో వాడే గ్నోమ్ అనే తెర వ్యవస్థ ఒకే అప్లికేషన్‌కు చెందిన విండోలను ఒక గుంపుగా చూపుతుంది కనుక, వాటి మధ్య విడివిడిగా మారదలచినవారు సెట్టింగులలోని కీబోర్డ్ విభాగంలో విండోల మార్పిడి చర్యకు ఆల్ట్, ట్యాబ్ కలయికను కేటాయించుకోవచ్చు. విండోస్ సెట్టింగులలో ఈ కలయికను మార్చే వీలు లేనందున, మైక్రోసాఫ్ట్ ఉచితంగా అందించే పవర్‌టాయ్స్‌లోని కీబోర్డ్ మేనేజర్‌తో తమకు అనువైన మీటలను దానికి అనుసంధానించుకోవచ్చు.